ఏ ఫొటో తీయాలో రైతే చెప్పాలి

శ్రీకాకుళం జిల్లా మందస కొండల మీద పోడు చేసుకునే సవర రైతుల పనులను ఫొటోలుగా భద్రపరచాలని పూనుకున్నప్పటి నుంచి, ఇలాంటి పని ఇంతకు ముందు ఎవరు, ఎక్కడ, ఎలా చేశారో వెతికి చదువుతున్నాను. ఎటు వెతికినా చివరకు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల దగ్గరే ఆగుతున్నాను. అక్కడా కొండవాలే పొలం, అక్కడా ఒకే చేనులో పలు రకాల విత్తనాలు, అక్కడా పల్లం వాళ్లకు తెలియని భాష. రైతును బొమ్మగా నిలబెట్టడంలో ఎన్ని తీరులున్నాయో, ఒక్కో తీరులో ఏం దక్కుతుందో, ఏం పోతుందో తెలుసుకోవడానికి ఆ కొండల చరిత్రకు మించిన పాఠం నాకు మరొకటి దొరకలేదు.

కెమెరా పుట్టడానికి రెండు శతాబ్దాల ముందే అక్కడ ఆ పని మొదలైంది. ఫెలిపే గువామన్ పోమా అనే ఆండీస్ స్థానికుడు స్పెయిన్ రాజుకు తన ప్రజల కష్టాలు విన్నవిస్తూ 1615 ప్రాంతంలో ఒక సుదీర్ఘమైన లేఖ రాశాడు. అందులో దాదాపు నాలుగు వందల బొమ్మలు గీశాడు. ఏ నెలలో ఏ సేద్యపు పని జరుగుతుందో చూపే బొమ్మలు వాటిలో ఒక వరుస. ఆగస్టు బొమ్మలో మగవాళ్లు వరుసగా నిలబడి, చాకిటక్లా అనే కాలినాగలిని పాదంతో అదిమి నేలలోకి దించుతుంటారు. ఎదురుగా ఉన్న ఆడవాళ్లు వంగి, లేచిన మట్టిగడ్డలను చేతులతో తిరగేస్తుంటారు. ఆ రాతప్రతి 1908లో కోపెన్‌హాగెన్‌లోని రాజగ్రంథాలయంలో బయటపడింది. ఎద్దులు నిలదొక్కుకోలేని ఏటవాలు చేలలో కాలినాగలి ఈనాటికీ కనిపిస్తుంది కనుక, ఆ బొమ్మను ఇప్పటి ఫొటో పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. నన్ను కట్టిపడేసింది అతని నైపుణ్యం కంటే అతని క్రమం. పన్నెండు నెలల పనిని పన్నెండు నెలలుగానే చూపాలన్న తెలివి సేద్యం తెలిసిన వాడికే వస్తుంది.

ఆ క్రమం ఎందుకంత ముఖ్యమో ‘చూన్యో’ను చూస్తే తెలుస్తుంది. అది ఎండబెట్టి ఏళ్ల తరబడి నిలవ ఉంచే బంగాళాదుంప. జూన్, జూలై నెలల్లో గడ్డకట్టే చలిరాత్రులు వచ్చినప్పుడు, చేదు జాతి దుంపలను ఎత్తైన మైదానాల్లో గడ్డి మీద పలచగా పరుస్తారు. రాత్రి మంచుకు దుంప లోపలి నీరు గడ్డకడుతుంది, పగలు ఎండకు కరుగుతుంది. ఇలా కొన్ని రాత్రులు గడిచాక ఇంటిల్లిపాదీ వచ్చి వట్టి కాళ్లతో దుంపలను తొక్కి, నీరు పిండి, తొక్క ఊడగొట్టి, మళ్లీ ఎండబెడతారు. తెల్లని రకం కావాలంటే పారే నీటిలో కొన్నాళ్లు నానబెట్టడం కూడా ఉంటుంది. పర్యాటకుడి కెమెరాకు ఇందులో చిక్కేది రంగుల శాలువా కప్పుకుని దుంపలు తొక్కే ఒక ముసలమ్మ మాత్రమే. ఏ రాత్రి మంచు పడుతుందో ఆకాశం చూసి చెప్పగల ఆమె తెలివి ఆ ఒక్క ఫొటోలో ఎక్కడా ఉండదు. ముందూ వెనకా దశలు పక్కన చేరితేనే అది కనబడుతుంది.

ఆండీస్ ఫొటోగ్రాఫర్లు అనగానే అందరూ ముందుగా చెప్పే పేరు మార్టిన్ చాంబి. పెరూలోని పూనో ప్రాంతంలో, కోవాసా అనే ఊళ్లో, 1891లో స్థానిక భాష క్వెచువా మాట్లాడే పేద రైతు కుటుంబంలో పుట్టాడు. 1920లో కూస్కో నగరం చేరి స్టూడియో పెట్టాడు. ఊరి పెద్దలకు ఫొటోలు తీసి బతుకుతూనే, పల్లెలు తిరిగి తనవాళ్లను గాజు పలకల నెగెటివ్‌ల మీదకు ఎక్కించాడు. 1973లో అతను కన్నుమూసిన తరువాత, 1979లో న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయంలో జరిగిన ప్రదర్శనతో ఆ ఫొటోలు ప్రపంచానికి తెలిశాయి. వాటిలోని వెలుగుకూ, మనుషుల నిబ్బరానికీ నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయినా నా పనికి అంతకన్నా అక్కరకు వచ్చినది జాన్ కొలియర్ అనే అమెరికన్‌కు ఎదురైన ఒక చిన్న అనుభవం.

కొలియర్ 1946లో ఈక్వడార్‌లోని ఒటవాలో లోయకు వెళ్లాడు. అక్కడి వాళ్లు ఒక చేత్తో సేద్యం, మరో చేత్తో నేత చేసుకునే జనం. ఒక నేతగాడు ఉన్ని బట్ట నేసే పనిని కొలియర్ మొదటి నుంచి ఫొటోలు తీసి, కడిగించి, ఆ నేతగాడికే చూపించాడు. అతను మెచ్చుకోలేదు సరికదా, ఈ ఫొటోలు చూసిన వాళ్లు నన్ను పనిరాని నేతగాడనుకుంటారని నొచ్చుకున్నాడు. మళ్లీ తీద్దామని తానే పట్టుబట్టి, రెండోసారి ఎప్పుడు తీయాలో, ఏది చూపాలో దగ్గరుండి చెప్పాడు. కెమెరా కొలియర్ చేతిలోనే ఉంది, నిర్ణయం మాత్రం పని తెలిసిన వాడి చేతికి వెళ్లింది. ఫొటోల ద్వారా మనుషులను అధ్యయనం చేయడం గురించి కొలియర్ తరువాతి కాలంలో బోధించిన వాటన్నిటిలోకీ నాకు ఇదే విలువైనదిగా తోస్తుంది.

మన కొండల్లోనూ సరిగ్గా ఇదే జరగడం నేను కళ్లారా చూశాను. చోడి (రాగి) కోతకు వచ్చిన రోజుల్లో ఒక సవర పెద్దమ్మ చేనికి వెళ్లాను. పోడులో సామ, చోడి, కొర్ర, జొన్న, కంది కలిపి చల్లుతారు; సామ ముందు కోతకు వస్తుంది, కంది అన్నిటికన్నా ఆఖరున. కొడవళ్లు పట్టుకున్న వాళ్లు చేను దిగబోతుండగా ఆమె చెయ్యెత్తి ఆపింది. “కోత ఎవులైనా కోస్తారు బాబూ. ఇత్తనానికి ఎన్ను ఏరేది నాను. ముందు అది తియ్యి” అంది. తరువాత చాలాసేపు చేనంతా ఆమె ఒక్కతే తిరిగింది. వెన్ను అంటే చోడి కంకి. కనబడిన పెద్ద వెన్నునల్లా తెంపలేదు. చేతివేళ్లలాంటి పాయలన్నీ లోపలికి ముడుచుకుని, గింజ నిండుగా పట్టి, కాడ ఎక్కడా వాలని వెన్నును చూసి, బొటనవేలితో గింజలు నొక్కి, అప్పుడు తుంచింది. చేను అంచున పెరిగిన వాటిని అసలు ముట్టుకోలేదు. ఏరిన వెన్నులను అడవి తీగతో కట్టగా కట్టి, ఇంటికి తెచ్చి పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీసింది. గింజ రాల్చాక బూడిద కలిపి ఆనపకాయ బుర్రలో పోసి, మూతి బిగించి దాచింది. ఆ వరుసలోని ప్రతి ఫొటో ఆమె తీయమన్నదే. కోత ఫొటోలు అందంగానే వచ్చాయి, కాని వచ్చే ఏడు పంట ఎక్కడి నుంచి వస్తుందో చెప్పేవి ఆమె చెప్పి తీయించినవే.

ఇక్కడి నుంచి మరొక్క అడుగు వేస్తే కెమెరానే రైతు చేతికి ఇవ్వాలి. పెరూలో అది కూడా జరిగింది. థామస్ ముల్లర్ అనే జర్మన్ ఫొటోగ్రాఫర్ చొరవతో 1986లో కూస్కో ప్రాంతపు ఒకొంగాతేలో మొదలైన ‘సామాజిక ఫొటోగ్రఫీ కార్యశాలలు’ 1998 వరకు సాగాయి. రైతులకు, గని కార్మికులకు, పట్టణపు మురికివాడల వాళ్లకు కెమెరాలు ఇచ్చి, ఫిల్ములు కడిగించి, తిరిగి వాళ్ల మధ్యనే ప్రదర్శించారు. దేశమంతా సాయుధ హింసతో అట్టుడికిన కాలం అది. అలాంటి కాలంలో వాళ్లు తీసుకున్న ఫొటోల్లో సభలూ నిరసనలూ ఎన్ని ఉన్నాయో, దుక్కీ పంటా పండగా కూడా అంత సహజంగా ఉన్నాయి. ఆ నెగెటివ్‌లు ఇప్పుడు లిమాలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. కూస్కో దగ్గరి పీసాక్ కొండల్లో క్వెచువా ఊళ్లు కలిసి ఏర్పాటు చేసుకున్న ‘బంగాళాదుంపల వనం’ కూడా ఇదే బాటలో నడుస్తోంది. వెయ్యికి పైగా రకాల దుంపలను కాపాడుతున్న ఆ ఊళ్లు, తమ చేలనుంచి పూర్వం సేకరించిన రకాలను తిరిగి ఇచ్చేలా లిమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రంతో 2004లో ఒప్పందం చేసుకున్నాయి. విత్తనం మీద హక్కును అలా అడగగలిగిన వాళ్లు తమ ఫొటో మీద హక్కును అడగకుండా ఎలా ఉంటారు?

మన జిల్లాకు ఈ దారి కొత్తది కాదు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల మధ్యకు వెళ్లి, వాళ్ల భాష నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించారు. అంతటి వారు నడిచిన నేల మీద, సవర రైతు ఫొటో కింద ‘గిరిజన మహిళ’ అని రాసి ఊరుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. పత్రికల్లోనూ పోటీల్లోనూ అలాంటివి ఎన్ని చూస్తామో లెక్కలేదు. ఆమె ఒప్పుకుంటే ఆమె పేరు, ఆమె విత్తనానికి ఆమె పెట్టుకున్న పేరు, ఆ పని పేరు సవరలో రాయాలి, తెలుగు దాని తరువాత రావాలి. ఒప్పుకోకపోతే ఆ ఫొటో వాళ్ల ఇంట్లోనే ఉండాలి. కందికొత్తల పండగనాడు పూజ జరిగే చోట కెమెరా వద్దన్నారు. అక్కడ కెమెరా సంచిలోంచి బయటకు తీయలేదు, ఇక ముందూ తీయను.

తొందర ఉన్న మాట నిజం. పోడు చేలున్న వాలులు ఏటేటా జీడి తోటలవుతున్నాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన ఆ చెట్టు ఎన్నో ఇళ్లకు నాలుగు డబ్బులు చూపించింది కాబట్టి దాన్ని తప్పు పట్టను. కాని జీడి తోటలో వెన్ను ఏరే పని లేదు, ఆ పని తెలిసిన చేతులు పెద్దమ్మ తరంతోనే ఆగిపోవచ్చు. అందుకే ఈసారి సామ కోతకు నేను కెమెరా పట్టడం లేదు. ఆ ఊళ్లో ఫోనుతో చక్కగా ఫొటోలు తీసే కుర్రాళ్లున్నారు. విత్తు చల్లే నాటి నుంచి కంది నూర్పిడి దాకా ఏ దశలో ఏది తీయాలో పెద్దమ్మే వాళ్లకు చెబుతానంది. నా వంతుగా ఫొటోలు కాగితం మీద అచ్చు వేయించి, రెండు ప్రతులు తీసి, ఒకటి ఊరి బడిలోనూ మరొకటి ఆమె ఇంట్లోనూ ఉంచాలని మాట్లాడుకున్నాం.