డీసీఆర్ మీద సంతకం ఎవరిది

నర్సాపురం స్టేషన్ నుంచి రేవుకి ఆటో అతను చెప్పిన రేటు వినగానే నిద్రమత్తు మొత్తం వదిలిపోయింది. మా తెనాలిలో ఆ డబ్బుతో ఊరంతా చుట్టి రావచ్చు. బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను. తీరా చూస్తే గోదావరి దాటించే పంటు అవతల సఖినేటిపల్లి ఒడ్డున ఉంది. అది రావాలి, కార్లూ బళ్ళూ దిగాలి, మళ్ళీ నిండాలి. ఎండ అప్పుడే మాడు మీదకి ఎక్కుతోంది.

చించినాడ వంతెన మీదుగా రమ్మని మేడమ్ ముందే చెప్పారు. పంటు మీదే వస్తానని పట్టుబట్టింది నేను. ఒకప్పుడు అవతలి ఊళ్ళ హాళ్ళకి సినిమా రీళ్ళ పెట్టెలు ఈ వశిష్ఠ పాయ దాటే వెళ్ళేవని ఆవిడ చెప్పినప్పటి నుంచీ ఆ దారిన వెళ్ళాలని ఉంది.

మేడమ్ కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతారు. నా పరిశోధన సినిమాలు తీసిన ఆడవాళ్ళ మీద. గోదావరి జిల్లాల నుంచే ఎంతమంది! పంగిడిలో పుట్టిన సి.కృష్ణవేణి 1949లో 'మనదేశం' తీశారు. ఆ సినిమా పేరు చెబితే ఎవరైనా ఠక్కున "ఎన్టీఆర్ మొదటి సినిమా" అంటారు. నిర్మాత ఎవరంటే తడుముకుంటారు. పెద్దాపురం అంజలీదేవి అంటే సీతమ్మగా గుర్తు. భర్త ఆదినారాయణరావుతో కలిసి అంజలీ పిక్చర్స్ నడిపి 'అనార్కలి' (1955), 'సువర్ణసుందరి' (1957) తీసిన మనిషిగా గుర్తుండరు. రావులపాలెంలో పుట్టిన బి.జయ జర్నలిస్టుగా పనిచేసి, 2003లో 'చంటిగాడు'తో దర్శకురాలయ్యారు. 2018లో పోయారు. వీళ్ళకి కనీసం తెర మీద పేరు పడింది. అదీ పడనివాళ్ళని వెతకాలంటే లైబ్రరీలు చాలవు, ఎవరింటి తలుపు తట్టాలో తెలియాలి. అది తెలిసింది మేడమ్‌కి.

ఆ రోజు తట్టింది ఒక మామ్మగారి తలుపు. ఊళ్ళో హాలు పడగొట్టి కళ్యాణ మండపం కట్టేశారు. ఆ హాల్లో ఆవిడ చాలా ఏళ్ళు ఆడవాళ్ళ కౌంటర్లో టికెట్లు ఇచ్చారు. వాళ్ళాయన అక్కడే మేనేజరు.

"పెట్టె రేవు దిగిందని కబురొస్తేనే గేటు తీసేవాళ్ళమండి," అన్నారు. "ఈలోపు ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని కూర్చునేవారు. ఆళ్ళకి సద్దిచెప్పడం నా వంతే."

ట్రంకు పెట్టెలోంచి పాత చీర ముక్కలో చుట్టిన కట్ట తీశారు. డీసీఆర్ పుస్తకాలు! హాలు రోజువారీ వసూళ్ళ లెక్కలు రాసేవి. కార్బన్ నీలం వెలిసిపోయింది కానీ గుండ్రటి అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. ఆడ నేల, మగ నేల, ఆడ బెంచీ, మగ బెంచీ, కుర్చీ. ప్రతి క్లాసుకీ మొదటి టికెట్ నంబరు, ఆఖరి టికెట్ నంబరు, ట్యాక్సు, మొత్తం. ఒక పేజీ అంచున చిన్నగా: "మాట్నీ. ఆడవాళ్ళే ఎక్కువ. కుర్చీల్లో కూడా కూర్చోబెట్టితిమి." పేజీ కింద మేనేజరు సంతకం.

"రాసిందెవరు మామ్మగారూ?"

"ఇంకెవరు? మా ఆయనకి లెక్కలు వచ్చేవి కాదు. సంతకం మటుకు దర్జాగా పెట్టేవారు."

నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. మేడమ్ నన్ను చూసి, ఇంకో పుస్తకం నెమ్మదిగా నా ముందుకి జరిపారు.

మర్నాడు ప్రాజెక్టు ఆఫీసు నుంచి ఫోన్. మేడమ్ పేరు 'స్థానిక సహకారం' కింద వేసి, చివర్లో కృతజ్ఞతలు చెబితే సరిపోతుందట. నాకు ఒళ్ళు మండింది. మనిషిని కనిపెట్టింది ఆవిడ, నెలల తరబడి వెళ్ళి కూర్చుని నమ్మకం సంపాదించింది ఆవిడ, ఏ పుస్తకం ఏ ఏడాదిదో తేల్చింది ఆవిడ. నేను రైలు దిగి వచ్చాను. ఆ డీసీఆర్ మీద సంతకం లాంటిదే నేనూ పెట్టాలా? రచయితలుగా ఇద్దరి పేర్లూ ఉంటేనే వ్యాసం ఇస్తానని చెప్పేశాను. గంటసేపు వాదన. చివరికి ఒప్పుకున్నారు.

వచ్చేముందు మామ్మగారింటికి మళ్ళీ వెళ్ళాం. పులస కాలం కాదని నొచ్చుకుంటూనే రొయ్యలూ మామిడికాయా వండి పెట్టారు. ఇది ఎందులో వేస్తారని అడిగారు. ఇంగ్లీషు పత్రికలో అన్నాను.

"మరి నాకు చదివి పెట్టేదెవరమ్మా?"

మేడమ్, నేనూ అక్కడే అనుకున్నాం, ముందు తెలుగులో రాయాలని. పుస్తకాల ఫొటో కింద, ఆవిడ సరేనన్నాక, రాసినవారుగా మామ్మగారి పేరు వేస్తాం. పుస్తకాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. వానలు పడి చెమ్మ ఎక్కేలోగా మిగతా పేజీలన్నీ ఫొటోలు తీయడానికి మేడమ్ విద్యార్థినులు ఆదివారాలు వెళ్తున్నారు. వాళ్ళ పేర్లు కూడా అడిగి రాసుకున్నాను.