కన్వేయర్ భద్రత కోర్సు: తొమ్మిదో జవాబు ఎందుకు నిలవడం లేదో తేలింది

ఎట్టకేలకు తేలింది. రైస్ మిల్లులో ధాన్యం మోసే ఎలివేటర్, కన్వేయర్ల భద్రత మీద చేస్తున్న చిన్న కోర్సులో ఎనిమిది జవాబులు నిలిచి, తొమ్మిదోది మాత్రం ఎందుకు పోతోందో ఇప్పుడు అంకెలతో సహా చెప్పగలను. నెట్‌వర్క్ కాదు, ఫోన్ కాదు, బ్రౌజర్ కాదు. ఒక్కో తెలుగు అక్షరం తొమ్మిది అక్షరాల చోటు తీసుకుంటోంది. ఆ సంగతి కళ్ల ముందు కనబడిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదటిసారి చదువుతున్నవాళ్ల కోసం రెండు మాటలు. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో కొత్తగా చేరే ఆపరేటర్లకు, ఫిట్టర్లకు రెండు గంటల భద్రత క్లాసు ఉంటుంది. 84 స్లైడ్ల పీపీటీ. ఫ్యాక్టరీల చట్టం 1948లోని 21, 22 సెక్షన్ల (యంత్రాలకు రక్షణ కంచె, నడుస్తున్న యంత్రం దగ్గర పని) పాఠం యథాతథంగా ఉంటుంది, చివర సంతకం పెట్టించుకుంటారు. దాన్ని ఫోన్‌లో చూసుకునేలా ఐదేసి నిమిషాల ముక్కలు చేస్తున్నాను. సెక్షన్ 22 స్లైడ్లు తీసేసి ఒక్క ప్రశ్న పెట్టాను: "బెల్టు నడుస్తుండగా రోలర్‌కి పట్టిన పొట్టు తియ్యాలంటే మీరు మొదట ఏం చేస్తారు?" జవాబు వాళ్లే టైప్ చెయ్యాలి. ఇలాంటి ప్రశ్నలు మొత్తం 12 ఉన్నాయి.

ఈ టైప్ చేసే ప్రశ్నల మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. నాలుగు ఆప్షన్లు ఇస్తే మనిషి వాటిలో అన్నిటికంటే పొడవైనదాన్ని నొక్కేస్తాడు, మార్కులు వచ్చేస్తాయి. మెయిన్ స్విచ్ ఆపాలని తెలిసినవాడెవరో, దానికి తాళం కూడా వెయ్యాలని తెలిసినవాడెవరో, వేసిన తాళంచెవి ఎవరి దగ్గరుండాలో తెలిసినవాడెవరో అతని సొంత మాటల్లోనే బయటపడుతుంది. అందుకే ఈ సమస్య ఎంత సతాయించినా ఆ ప్రశ్నలు తీసెయ్యాలని అనుకోలేదు.

ముందు మిగతా పనుల సంగతి. వీడియోల్లో తెలుగు సబ్‌టైటిళ్లు సరిగ్గా వస్తున్నాయి. ఆడియో మోనోలో 64 కేబీపీఎస్‌కి దించాను, ఐదు నిమిషాలకు 2.4 ఎంబీ. బటన్ల మీద వత్తులు కింద తెగిపోవడం లైన్ ఎత్తు 1.6 పెట్టాక ఆగింది.

ఇక అసలు గొడవ.

కోర్సు స్కార్మ్ 1.2 (ఆన్‌లైన్ కోర్సులకు ఒక ప్రమాణం) ప్యాకేజీ, కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ (ఎల్‌ఎంఎస్) అయిన మూడుల్‌లో నడుస్తోంది. మనిషి సగంలో ఫోన్ పక్కన పెట్టి, షిఫ్టు అయ్యాక మళ్లీ తెరిస్తే ఆగినచోటే మొదలవ్వాలి. కొందరికి అలాగే అవుతోంది. కొందరికి మాత్రం చివరిదాకా పూర్తి చేసినా తిరిగి తెరిస్తే ఎనిమిదో ప్రశ్న దగ్గరే తేలుతోంది. తొమ్మిది నుంచి రాసినవన్నీ మాయం. "సార్, మళ్లీ ఎనకకే పోతుంది, మొత్తం రాసిన" అని ఫిట్టర్ ఒకాయన ఫోన్ చేశాడు. రాత్రి షిఫ్టు దిగాక కూర్చుని రాసిన జవాబులవి. ఆయన గొంతు వింటే నాకే బాధేసింది.

మొదటి అనుమానం సిగ్నల్ మీదికి పోయింది. రేకుల షెడ్డు లోపల డేటా సరిగ్గా రాదు కాబట్టి సేవ్ అవ్వట్లేదేమో అనుకున్నాను. అదే ఫోన్‌ని ఆఫీసు వైఫైకి కలిపి చేయించినా అంతే. రెండో అనుమానం ఫోన్. 2 జీబీ ర్యామ్ ఫోన్లలో క్రోమ్ వెనక్కి పోగానే ట్యాబ్ చచ్చిపోతుంది, పేజీ మూసేటప్పుడు జరగాల్సిన సేవ్ జరగదు. ఈ ఇబ్బంది నిజంగానే ఉంది కాబట్టి పేజీ మూసేదాకా ఆగకుండా ప్రతి జవాబు తర్వాతా సేవ్ అయ్యేలా మార్చాను. అది మంచి మార్పే, ఉంచేశాను కూడా. కానీ తొమ్మిదో జవాబు మాత్రం నిలవలేదు. మూడోది లాగిన్ సమయం అయిపోవడం. అదీ కాదు, పది నిమిషాల్లో ముగించినవాళ్లకూ పోతోంది.

తికమక పెట్టిన సంగతి ఇంకొకటి. నేను వాడుతున్నది నెట్‌లో ఉచితంగా దొరికే ఒక టెంప్లేట్. దాంతో వచ్చిన నమూనా జవాబులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. వాటితో ఎన్నిసార్లు నడిపినా, ఏ ఫోన్‌లో నడిపినా ఆగలేదు. మిల్లులో ఒక కుర్ర ఆపరేటర్ తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు, అతనికీ ఆగలేదు. రెండు మూడు మాటల్లో తేల్చేసేవాళ్లకూ ఆగలేదు. శ్రద్ధగా తెలుగులో పూర్తి వాక్యం రాసేవాళ్లకు మాత్రమే పోతోంది. ఇలా విడదీసి రాసుకున్నాక దారి దొరికింది.

ప్యాకేజీని, ఇలాంటివి పరీక్షించే స్కార్మ్ క్లౌడ్‌లో ఎక్కించి లాగ్ తెరిచాను. సస్పెండ్ డేటా (మనిషి ఎక్కడ ఆగాడో, ఏం రాశాడో దాచే చోటు) పొడవు చూస్తూ ఒక జవాబు పెట్టెలో ఇంగ్లీషు 'కె' అక్షరం 100 సార్లు కొట్టాను. పొడవు 100 పెరిగింది. అది చెరిపి తెలుగు 'క' 100 సార్లు కొట్టాను. 900 పెరిగింది.

కారణం ఇదీ. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాల్ని దాచే పద్ధతిలో) 3 బైట్లు. ఆ టెంప్లేట్ సేవ్ చేసే ముందు మొత్తం డేటాని వెబ్ అడ్రసుల్లో వాడే పద్ధతిలో, అంటే యూఆర్ఐ ఎన్‌కోడింగ్‌లోకి మారుస్తోంది. అందులో ఒక్కో బైటూ శాతం గుర్తు, దాని వెనక రెండు అంకెలో అక్షరాలో, మొత్తం మూడు అక్షరాలవుతుంది. మూడు బైట్లకు తొమ్మిది. పైగా ఇక్కడ అక్షరం అంటే మన కంటికి కనిపించే అక్షరం కాదు. గుణింతం గుర్తు విడిగా ఒకటి, పొల్లు విడిగా ఒకటి, సున్నా విడిగా ఒకటి. 'పెట్టుకుంటాను' అన్న ఒక్క మాటలో అలాంటివి 13 ఉన్నాయి, అంటే 117.

స్కార్మ్ 1.2లో సస్పెండ్ డేటా పరిమితి 4,096 అక్షరాలు. 2001లో వచ్చిన ప్రమాణం అది, అప్పట్లో ఎక్కడ ఆగాడో గుర్తుపెట్టుకోవడానికి అది బోలెడు చోటు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒకాయన రాసిన జవాబు: "మెయిన్ ఆపి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుంటాను". తెలుగు గుర్తులు 44, ఖాళీలు 6. నలభై నాలుగు తొమ్మిదుల 396, ఖాళీ ఒక్కోటి మూడు చొప్పున 18, మొత్తం 414. జవాబు చుట్టూ ఉండే కొటేషన్ గుర్తులు, కామా కలిపి మరో 9. అంటే 423. పేజీ నంబరు, మిగతా క్విజ్ వివరాలు కలిపి ముందే 610 అక్షరాలు వాడుకలో ఉన్నాయి. ఇంత పొడవు జవాబులు ఎనిమిది రాస్తే 3,994. సరిపోయింది. తొమ్మిదోది చేరగానే 4,417. గోడకి కొట్టుకున్నట్టు అక్కడ ఆగింది.

ఇందులో సగం పొడవు జవాబులు రాసేవాళ్లకు పన్నెండూ కలిపినా సుమారు 3,200 మాత్రమే. అందుకే వాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే కుర్రాడికి జవాబుకి ఎనభై కూడా కావు.

దాటినప్పుడు మూడుల్ ఏం చేస్తుందంటే, పరిమితి మించిన డేటాని తీసుకోదు. 405 అనే ఎర్రర్ నంబరు ఇచ్చి, "ఫాల్స్" అని జవాబు పంపి, పాత డేటానే ఉంచుతుంది. పేజీ నంబరు కూడా ఆ డేటాలోనే ఉంది కాబట్టి మనిషి మళ్లీ పాత చోటికే చేరతాడు. ఇక్కడ మూడుల్‌ని నేను తప్పుపట్టను, ప్రమాణం ప్రకారమే చేసింది, ఎర్రర్ కూడా చెప్పింది. టెంప్లేట్ ఆ జవాబుని చూడనే చూడదు. సేవ్ కాలేదని తెలిసి కూడా తర్వాతి ప్రశ్నకు పంపేస్తుంది, ఆకుపచ్చ టిక్కు కూడా పెడుతుంది. షిఫ్టు చేసి వచ్చిన మనిషి కష్టపడి రాసినదాన్ని అలా చప్పుడు లేకుండా పారెయ్యడం నాకు అస్సలు నచ్చలేదు. ఉచితంగా ఇచ్చినవాళ్ల మీద కోపం లేదు. కానీ ఇలాంటి పని చేసే ఎవరైనా సరే, సెట్ వాల్యూ (డేటా దాచమని పంపే ఆదేశం) తర్వాత వచ్చే జవాబు ఒక్కసారి చూడండి. "ఫాల్స్" అయితే తెర మీద చెప్పండి.

సరిచెయ్యడానికి నాలుగు దారులు కనిపించాయి.

మూడుల్ అడ్మిన్ సెట్టింగుల్లో స్కార్మ్ 1.2 ప్రమాణాన్ని కచ్చితంగా పాటించే ఆప్షన్ ఉంది. అది తీసేస్తే పరిమితి పెరుగుతుంది. పని అవుతుంది కానీ రేపు ఈ ప్యాకేజీని ఇంకో మిల్లు వాళ్ల ఎల్‌ఎంఎస్‌లో పెడితే మళ్లీ మొదటికే వస్తుంది.

స్కార్మ్ 2004 మూడో ఎడిషన్‌లో పరిమితి 64,000. కానీ మూడుల్ 2004ని పూర్తిగా సపోర్ట్ చెయ్యదు కాబట్టి వదిలేశాను.

జవాబుల్ని ఇంటరాక్షన్స్‌లో (ప్రశ్న ప్రశ్నకీ జవాబు నమోదు చేసే స్కార్మ్ విభాగంలో) పెట్టొచ్చు అని కొందరంటారు. 1.2లో వాటిని రాయడమే తప్ప తిరిగి చదవడం కుదరదు. మనిషి వెనక్కి వచ్చి తన జవాబు చూసుకోలేడు, దిద్దుకోలేడు. నాకు పనికిరాదు.

నాలుగోది, ఆ ఎన్‌కోడింగ్‌నే తీసెయ్యడం. తెలుగుని తెలుగుగానే పంపితే పై జవాబు 50 అక్షరాలే, కొటేషన్ గుర్తులూ కామా కలిపి 53. పన్నెండుకి 636, మిగతా వివరాలు ఎన్‌కోడింగ్ పోయాక 330, మొత్తం 966. అక్షరాలు కాకుండా బైట్లు లెక్కపెట్టే ఎల్‌ఎంఎస్ ఎదురైనా 2,022. ఎటు చూసినా సగం కంటే తక్కువే. ఇది పెట్టి చూశాను, పన్నెండు జవాబులూ నిలిచాయి. ఫిట్టర్ కూడా మళ్లీ కూర్చుని చేశాడు, ఈసారి ఎక్కడా పోలేదు. చాలా సంతోషంగా ఉంది.

ఒక భయం మాత్రం మిగిలింది. పాత డేటాబేసుల్లో తెలుగు ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. అలాంటిచోట వాడటానికి ఎల్‌జెడ్ స్ట్రింగ్‌తో కుదించి, బేస్64 అనే మామూలు అక్షరాల పద్ధతిలోకి మార్చే రెండో వెర్షన్ సిద్ధంగా పెట్టుకున్నాను. అదే పన్నెండు జవాబులకు 1,100 చిల్లర వచ్చింది. అంటే తెలుగుని నేరుగా పంపినదానికంటే కాస్త ఎక్కువే, కానీ అన్నీ మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, రెండు మూడు గుర్తులే కాబట్టి ఎక్కడైనా నిలుస్తుంది. లోపం ఏమిటంటే లాగ్‌లో చూస్తే ఏమీ అర్థం కాదు. ఇంకో గొడవ వస్తే వెతకడం కష్టం. అందుకే మూడుల్‌కి మొదటి వెర్షనే ఉంచుతున్నాను.

మీలో ఎవరైనా ఇలాంటివి చేస్తుంటే సాధనాల మీద నా మాట ఇదీ: హెచ్‌ఫైవ్‌పీ నేర్చుకోవడం మేలు. ఉచితం, మూడుల్‌లో బాగా ఇమిడిపోతుంది. ఆర్టిక్యులేట్ స్టోరీలైన్ గట్టి సాధనమే, కంపెనీ కొనిస్తే హాయిగా వాడండి. సొంత డబ్బుతో ఇంటి దగ్గర చేసుకునేవాళ్లకు ఆ ఏడాది చందా మొయ్యడం కష్టం. దేంతో చేసినా టెస్టింగ్ మాత్రం తెలుగు జవాబులతో, పొడవైన వాక్యాలతో చెయ్యండి. కంప్యూటర్ గొంతు వద్దు. మా కోర్సులో మాట్లాడేది మిల్లు ఫోర్‌మ్యానే. ఆయన "చెయ్యి పెట్టకు" అంటే వినేవాళ్లకు అది నిజమైన మాట.

తర్వాతి ముక్క, ధాన్యాన్ని బకెట్లతో పైకి ఎత్తే బకెట్ ఎలివేటర్ గురించి. బకెట్లు నిండి ఉండగా కరెంటు పోతే, వెనక్కి తిరగకుండా ఆపే బ్యాక్‌స్టాప్ పాడై ఉంటే, బరువుకి బెల్టు వెనక్కి జారుతుంది. మెయిన్‌కి తాళం వేసినా ఆ ప్రమాదం పోదు. పీపీటీలో దీనికి సగం స్లైడ్ కూడా లేదు. నాకు దీని మీద పూర్తి ఐదు నిమిషాలు కావాలి. ఫోర్‌మ్యాన్‌తో కలిసి బెల్టుని ఎలా కట్టిపెడతారో అక్కడే వీడియో తియ్యాలి.

హిందీ వెర్షన్ కూడా మొదలుపెట్టాలి. హమాలీల్లో చాలామంది బిహార్ నుంచి వచ్చినవాళ్లు, వాళ్లే బెల్టుకి అందరికంటే దగ్గరగా పనిచేస్తారు. దేవనాగరి అక్షరం కూడా యూటీఎఫ్-8లో 3 బైట్లే కాబట్టి పాత టెంప్లేట్‌తో మొదలుపెట్టి ఉంటే వాళ్లకీ ఇదే ఎదురయ్యేది. వాళ్లలో టైప్ చెయ్యడం అలవాటు లేనివాళ్ల కోసం 20 సెకన్ల ఆడియో జవాబు పెట్టాలని ఉంది. 32 కేబీపీఎస్‌లో అది 80 కేబీ, సస్పెండ్ డేటాలో పట్టే ప్రసక్తే లేదు. ఆడియోని విడిగా సర్వర్‌కి పంపి, స్కార్మ్‌లో ఫైలు నంబరు మాత్రమే ఉంచాలి. మూడుల్‌లో దానికి ఏ ప్లగిన్ సరిపోతుందో ఈ వారం చూస్తాను. ఎవరైనా వాడి ఉంటే చెప్పండి.