మెళ్ళో పలక

హక్కా అంటే నాకు నూడుల్సే గుర్తొచ్చేవి. అది ఒక జనం పేరని, ‘అతిథి కుటుంబాలు’ అని దాని అర్థమని తైవాన్‌లోని షించూలో చదువుకోవడానికి వచ్చాకే తెలిసింది. చైనాలోనే తరతరాలుగా ఊళ్ళు మారుతూ దక్షిణానికి వచ్చి, అక్కడి నుంచి తైవాన్‌కీ, మన కలకత్తాకీ చేరినవాళ్ళు.

మాకు సర్వీస్ లర్నింగ్ అని, సేవ చేస్తూ నేర్చుకునే కోర్సు ఒకటుంది. దాని కోసం అక్టోబరులో ఒక శనివారం షిన్‌పూ అనే హక్కా ఊరికి, పండ్లు ఎండబెట్టే ఒక ఇంటికి తీసుకెళ్ళారు. బస్సుకీ భోజనానికీ కలిపి తలా 600 తైవాన్ డాలర్లు, అంటే 1,600 రూపాయల దాకా. పని చెయ్యడానికి వెళ్తూ మనమే డబ్బు కట్టడమేంటని దారంతా చిరాగ్గానే ఉన్నాను.

పెరట్లో అడుగు పెట్టగానే ఆ సంగతే మర్చిపోయాను. వరసగా గుండ్రటి వెదురు తట్టలు, వాటి నిండా తొక్క తీసిన పర్సిమన్ పండ్లు. దూరం నుంచి టమాటాలు ఆరబోసినట్టుంది. శరదృతువులో ఈశాన్యం నుంచి ఇక్కడ పొడిగాలి వీస్తుంది, తొమ్మిదో నెల గాలి అంటారు. పండ్లు ఆ గాలికీ ఎండకీ రోజుల తరబడి ఎండాలి. మధ్యమధ్యలో ఒక్కో పండునీ చేత్తో నొక్కి మెత్తబరచాలి. అదే మా పని.

నేను నొక్కిన మొదటి పండు చిట్లిపోయింది. ఎనభై దాటిన అవ్వ వచ్చి, నా బొటనవేళ్ళు పట్టుకుని, అంచు నుంచి మెల్లగా తిప్పుతూ ఎలా నొక్కాలో చూపించింది. సున్నుండలు కట్టడం నేర్పినప్పుడు అమ్మమ్మ నా చెయ్యి ఇలాగే పట్టుకుంది.

అవ్వ ఏదో చెబుతోంది. పక్కనున్న క్లాస్‌మేట్ వైపు చూశాను. అతనూ హక్కానే. కానీ అతనికీ అర్థం కాలేదు. ఇంట్లో అందరూ ఇక్కడి ప్రధాన భాష మాండరినే మాట్లాడతారట. మొహం ఎర్రబడిపోయింది పాపం. చివరికి అవ్వ కొడుకు వచ్చి చెప్పాడు: ఆవిడ చదువుకున్న రోజుల్లో బళ్ళో హక్కా మాట్లాడితే జరిమానా, మెళ్ళో పలక.

నాకు మైదుకూరు గుర్తొచ్చింది. 2009లో అక్కడి ఒక బళ్ళో పిల్లల మెళ్ళో ‘తెలుగులో మాట్లాడను’ అని పలకలు వేశారు. ఇక్కడి హక్కావాళ్ళు మాత్రం మా భాష మాకివ్వండంటూ 1988 డిసెంబరులో రాజధాని తైపే వీధుల్లోకి వేలమందిగా వచ్చారు. ఇప్పుడు హక్కా జాతీయ భాషల్లో ఒకటి, దానికో టీవీ ఛానెల్, బళ్ళో పీరియడ్ కూడా ఉన్నాయి. మా అన్నయ్య కూతురికి హైదరాబాద్‌లో ముప్పై ఎనిమిది అంటే ఎంతో తెలియదు. థర్టీ ఎయిట్ అని చెప్పాలి.

బయల్దేరేముందు మా క్లాస్‌మేట్ ఒక ఎండుపండు చూపించి, “అవ్వా, దీన్ని మన భాషలో ఏమంటారు?” అని అడిగాడు. కొడుకు ఆ ప్రశ్నని అవ్వకి హక్కాలో చెప్పాడు. అవ్వ చెప్పింది. అతను పలికాడు. కాదని తలూపి మళ్ళీ చెప్పింది. మళ్ళీ పలికాడు. బస్సు హారన్ కొడుతున్నా ఇద్దరూ కదల్లేదు.