మున్సిపాలిటీకి ఒక ప్లాన్, మేస్త్రీకి ఒక ప్లాన్

హన్మకొండలో మా ఇంటి పని మొదలుపెట్టే ముందు ప్లాన్ గీసిన ఇంజినీరు నా చేతిలో రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి ఆన్‌లైన్లో పర్మిషన్‌కి పెట్టేది, ఇంకోటి మేస్త్రీకి ఇచ్చేది. రెండెందుకండీ అని అడిగితే, పెళ్లి భోజనంలో రెండో స్వీటు ఎందుకని అడిగినవాణ్ని చూసినట్టు చూశాడు. "అందరూ ఇట్లనే కడతరు సార్, పర్మిషన్ ప్లాన్ చూసి ఇల్లు ఎవరు కడతరు?"

ఆ రాత్రి రెండూ పక్కపక్కన పరుచుకుని లెక్క వేశాను. పర్మిషన్ ప్లాన్ ప్రకారం కింద ఫ్లోరు దాదాపు 1050 చదరపు అడుగులు, చుట్టూ వదలాల్సిన జాగాను మింగేసిన మేస్త్రీ ప్లాన్లో దాదాపు 1490. నాలుగు వందల పైచిలుకు అడుగులంటే ఒక బెడ్‌రూమూ, ఒక పూజ గదీ, ఇంకా మిగిలితే స్టోరు. ఆశ పడలేదని చెబితే అబద్ధం. వారం రోజులు ఆ రెండో ప్లాన్‌నే ఫోన్లో పెట్టుకుని తిరిగాను, మా ఆవిడ సోఫా ఎక్కడ వేయాలో కూడా ఖాయం చేసేసింది.

మనసు మారింది నాన్నగారి పాత ఇంటి వల్ల. ఆ ఇల్లు 1998లో కట్టింది, పక్కింటికీ మాకూ మధ్య అడుగు సందు. అప్పట్లో ఎవరూ ఏమీ అనలేదు. గోడకు తేమ పడితే బయటి వైపు ప్లాస్టరింగ్ చేయడానికి మనిషి పట్టడు. డ్రైనేజీ పైపు పగిలినప్పుడు ప్లంబర్ పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి లోపలికి దూరి, మధ్యలో బనియను మేకుకు చిక్కుకుని అరగంట అరిచాడు. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి బాత్రూం వెంటిలేటర్. అందుకే దాదాపు ముప్ఫై ఏళ్లుగా ఆ కిటికీ తెరవనేలేదు.

ఇంతకీ ఇంటి చుట్టూ ఎంత జాగా వదలాలో (దాన్నే సెట్‌బ్యాక్ అంటారు) చెప్పే రూల్ ఏమిటంటే, తెలంగాణలో ఇప్పటికీ 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168నే మూలం. ప్లాటు 100 నుంచి 200 చదరపు మీటర్లుంటే (గజాల్లో రమారమి 120 నుంచి 240) ఎత్తు 10 మీటర్ల దాకా వెళ్లొచ్చు, ముందు కనీసం 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. మీటరంటే మూడు అడుగుల మూడంగుళాలు, ఇంకాస్త. ప్లాటు పెరిగేకొద్దీ వదలాల్సిందీ పెరుగుతుంది. ఆంధ్రలో 2017 నాటి జీవో 119 వేరే ఉంది, అక్కడివాళ్లు నా అంకెలు పట్టుకుని ముగ్గు పోయకండి.

దీనికి తోడు రోడ్డు. మా వీధి నేల మీద ఇరవై అడుగులే, కానీ ముప్ఫై అడుగుల రోడ్డుగా లెక్క కట్టి, రోడ్డు మధ్య నుంచి పదిహేను అడుగులు కొలిచారు. అంటే మా స్థలంలోంచి ఐదడుగులు రోడ్డుకు పోయినట్టే, ముందు వదలాల్సింది ఆ తర్వాత మొదలవుతుంది. నాకు బాగా కాలింది ఇక్కడే. అలా ఉచితంగా రాసిస్తే సెట్‌బ్యాక్‌లో కొంత సడలింపు అడిగే వీలుందని తర్వాత తెలిసింది, ముందే అడగాల్సింది.

లేఅవుట్ గొడవ పొడుగ్గా చెప్పను. పార్కుకు జాగా వదలని లేఅవుట్ కాబట్టి, అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్‌లో మామూలు ఛార్జీ కాక ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం పేరుతో కట్టాలి. 2025 మార్చిలో 25 శాతం తగ్గించారు కాబట్టి అప్పుడు కట్టేశాను. ప్లాటు కొన్న రోజున "అన్నీ క్లియర్ సార్" అన్న పెద్దమనిషి ఇప్పుడు ఫోన్ ఎత్తడు.

అసలు మాట సంతకం గురించి. పాత రోజుల్లో టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి చూసేవాళ్లు, వాళ్లతో ఏదో మాట్లాడుకునేవాళ్లు, తప్పొప్పులు సగం వాళ్ల నెత్తిన ఉండేవి. 2020లో ఆన్‌లైన్లో ఇంటి పర్మిషన్లు ఇచ్చే టీఎస్-బీపాస్ వచ్చాక (ఇప్పుడు బిల్డ్‌నౌ అంటున్నారు) పద్ధతి తిరగబడింది. 75 గజాల లోపు ప్లాట్లో కిందా, పైన ఒక అంతస్తూ కట్టుకుంటే పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇల్లయితే మన సొంత ధ్రువీకరణ మీదే అప్పటికప్పుడు పర్మిషన్ ఇస్తారు. ఫీజు కట్టగానే పీడీఎఫ్ వచ్చేస్తుంది, చాలా బాగుంది. కానీ ఆ కాగితంలో "నేను చెప్పినవన్నీ నిజం, ప్లాన్ దాటి కడితే నాదే బాధ్యత" అని సంతకం పెట్టింది మనం. అబద్ధమని తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం టీఎస్-బీపాస్ చట్టంలోనే ఉంది. రెండు ప్లాన్ల పద్ధతి పాత రోజుల్లో పుట్టింది, సంతకం మాత్రం కొత్త రోజులది. మా ఇంజినీరుకు ఆ తేడా పట్టలేదు, ఎందుకంటే ఇల్లు ఆయనది కాదు.

కూల్చడం దాకా ఎందుకు, ప్రతి ఏడాదీ తగిలేది ఒకటుంది. ప్లాన్ దాటి సెట్‌బ్యాక్‌లోకి పది శాతం లోపు వస్తే ఇంటి పన్నుపైన 25 శాతం, అంతకు మించితే 50 శాతం అదనం. అసలు పర్మిషనే లేకపోతే పన్నుకు పన్నంత జరిమానా. మేస్త్రీ ప్లాన్లో ఆ పూజ గది మీద ఏటా ఇదీ ఖర్చు. పైగా 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం) చూశాకే బ్యాంకులు లోన్లు ఇవ్వాలనీ, కరెంటు, నీళ్ల కనెక్షన్లూ అలాగేననీ చెప్పింది. రేపు అమ్ముకోవాలంటే కొనేవాడి బ్యాంకు మన సందులో టేపు పెడుతుంది.

సరే, ఒకే ప్లాన్ అని ఖాయం చేసి, ఉన్న ఇంజినీరుకు దండం పెట్టి వేరేవాళ్లతో మళ్లీ గీయించాను. అప్పుడు స్థలం కొలిపిస్తే ఇంకో కథ. దస్తావేజులో వెడల్పు 36 అడుగులు, నేల మీద 35 అడుగుల 5 అంగుళాలు. పక్కాయన కాంపౌండ్ గోడ ఏడంగుళాలు మా వైపు నడిచి వచ్చింది. గొడవ పెట్టుకోలేదు, ఉన్నదానికే ప్లాన్ గీయించాం.

వాస్తు చూసే ఆయనకు ఇది నచ్చలేదు. మాది తూర్పు రోడ్డు. తూర్పు, ఉత్తరం ఎక్కువ వదలాలి, దక్షిణం, పడమర తక్కువ వదలాలి అంటాడాయన, ఆ మాటకే మన ఊళ్లలో సగం ఇళ్లు దక్షిణం వైపు గోడకు గోడ అంటించి ఉంటాయి. రూల్‌కి దిక్కులతో పనిలేదు, అన్ని వైపులా మీటరే. చివరికి దక్షిణం 3 అడుగుల 4 అంగుళాలు, ఉత్తరం 3 అడుగుల 5 అంగుళాలు వచ్చాయి. "ఉత్తరం అంగుళం ఎక్కువుంది కదా, చాలు" అన్నాడు. దక్షిణ తీసుకుని మరీ అన్నాడు.

ముగ్గు పోసే రోజు మేస్త్రీ దారం కట్టాడు. "గింత జాగ ఇడిసిపెడితే ఇంట్ల ఏం మిగుల్తది సార్" అని నాలుగుసార్లు అన్నాడు, మనసులో నేనూ అనుకుంటున్నదే. టేపు పట్టి చూస్తే దక్షిణం వైపు సరిగ్గా మూడడుగుల నాలుగు. బాగానే ఉందనుకునేలోపు పక్కన నిలబడ్డ సెంట్రింగ్ కుర్రాడు, "ప్లాస్టరింగ్ లెక్క ఏసిన్రా అన్నా?" అన్నాడు. నిజమే. బయటి గోడకు ముప్పావు అంగుళం మందం ఎక్కితే మీటరుకు తగ్గుతుంది. ఇన్ని కాగితాలు చదివిన నాకు తట్టలేదు, ఇరవై ఏళ్ల పిల్లగాడికి తట్టింది. రెండు దారాలూ అంగుళం చొప్పున లోపలికి జరిపించాం. దక్షిణం మూడడుగుల ఐదు, ఉత్తరం మూడడుగుల ఆరు. వాస్తుకి ఇంకా ఆ అంగుళం తేడా ఉంది, ఫోన్ చేసి చెప్పాను.

ఈ వారం ఫుటింగులు అయిపోయాయి. మా ఆవిడ సోఫా ఎక్కడ పడుతుందో ఇంకా తేలలేదు.