జొన్నవాడలో ఉగాది, తీర్చవలసిన మొక్కులు

విశ్వావసు నామ సంవత్సర ఉగాదిని నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డునున్న జొన్నవాడ కామాక్షితాయి సన్నిధిలోనే జరుపుకోవాలన్నది మా అత్తగారు ఏనాడో చేసిన నిర్ణయం. 2023 వైశాఖ బ్రహ్మోత్సవాల్లో ధ్వజారోహణం నాడు, పెన్నలో మునిగి తడిబట్టలతో కొంగు పట్టి, సంతానం కలగాలని ఇచ్చే ప్రసాదమైన కొడిముద్ద అందుకున్న ఆడవాళ్లలో నేనూ ఒకదాన్ని. మరుసటి ఏడాది మే నెలలో మాకు పాప పుట్టింది. పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు అమ్మవారి దగ్గరే తీయిస్తామనీ, ముందురోజు రాత్రి గుడిలో నిద్ర చేస్తామనీ అప్పుడే మొక్కుకున్నాము. మార్చి 30, ఆదివారం ఉగాది కనుక, శనివారం మధ్యాహ్నం కావలిలో బయలుదేరి చీకటి పడే వేళకు జొన్నవాడ చేరుకున్నాము.

బయలుదేరే ముందు, పాల లెక్క రాసుకునే పుస్తకం చివరి పేజీలో, ఈ బిడ్డ కోసం నేను మొక్కిన మొక్కులన్నీ వరుసగా రాశాను. పుట్టిన మూడో నాడు పచ్చకామెర్లని లైట్ల కింద పడుకోబెట్టినప్పుడు కొండ బిట్రగుంట ప్రసన్న వెంకటేశ్వరునికి బిడ్డ ఎత్తు బెల్లం మొక్కాను. టీకా వేయించిన రాత్రి ఒళ్లు కాలిపోతుంటే పెంచలకోన నరసింహునికి పొంగలి పెడతానన్నాను. ఈడు పిల్లలందరూ బోర్లా పడుతున్నా మా పాప పడడం లేదన్న బెంగతో గొలగమూడి వెంకయ్య స్వామి ఆశ్రమంలో ఒక శనివారం నిద్ర చేస్తానన్నాను. వీటన్నిటికంటే ముందుది నెల్లూరు దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ నాడు స్వర్ణాల చెరువులో నిలబడి ఒక తల్లి చేతి నుంచి అందుకున్న సంతాన రొట్టె. కోరిక తీరినవారు తిరిగి వచ్చి మరొకరికి రొట్టె ఇవ్వాలి కదా, నిరుటి పండుగకు నేను పచ్చి బాలెంతను కావడంతో ఆ బాకీ అలాగే ఉండిపోయింది. తిరుమల సంగతి చెప్పనక్కరలేదు, మా ఇంట్లో ఏ మొక్కైనా ఏడుకొండలవాడితోనే మొదలవుతుంది. తల్లి అయిన ప్రతి ఆడదానికీ ఇలాంటి చిట్టా ఒకటి ఉంటుందని నా నమ్మకం. ఆ పేజీ చూసుకున్నాక, ఈ కొత్త సంవత్సరమంతా ఉన్న మొక్కులు తీర్చడానికే కేటాయించాలనీ, కొత్త మొక్కు ఒక్కటి కూడా మొక్కకూడదనీ, ఆ మాట అమ్మవారికే విన్నవించుకోవాలనీ నిశ్చయించుకున్నాను.

అమావాస్య రాత్రి, తెల్లవారితే పండుగ. మండపాల్లో చాప పరిచే చోటు కూడా లేదు. నిద్ర చేయడానికి వచ్చినవారి సంచులు, నీళ్ల సీసాలు, పసిపిల్లల ఏడుపులు, వీటి మధ్య ఫోనులో పాటలు పెట్టుకునే పుణ్యాత్ములు. గుడికి వచ్చిన రాత్రయినా ఆ ఫోను నోరు నొక్కలేకపోవడం ఏం భక్తో నాకు అర్థం కాదు. ఒంట్లో, మనసులో బాగులేనివారు రోజుల తరబడి ఇక్కడ ఉండిపోవడం తెలిసిందే. అర్ధరాత్రి దాటాక అలాంటి ఒక అమ్మాయి పెద్దగా కేక పెట్టేసరికి మా పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకుంది. పాలిచ్చినా, భుజాన వేసుకుని తిరిగినా ఊరుకోలేదు. చుట్టూ పడుకున్నవారు విసుక్కుంటుంటే నాకు కన్నీళ్లు వచ్చాయి.

ఆ కేక పెట్టిన అమ్మాయి తల్లే లేచి వచ్చింది. ఉదయగిరి వైపు మనిషి, వయసు అరవై దాటి ఉంటుంది. "బిడ్డను ఇట్టా ఇయ్యి అమ్మణ్ణీ" అని నా చేతుల్లో నుంచి తీసుకుని, గోడకు ఆనుకుని రెండు కాళ్లూ చాపి, పిక్కల మీద పాపను బోర్లా పడుకోబెట్టుకుంది. మడమలు నేలకు ఆనించి పాదాలను మెల్లగా అటూ ఇటూ కదిలిస్తూ, అరచేత్తో వీపు మీద తడుతూ, ఏ పాటా లేకుండా "ఊ... ఊ..." అంటూ ఉండగానే పాప కళ్లు మూతలు పడ్డాయి. ఆమె పాదాలు బీటలు వారి ఉన్నాయి, ఒక కాలికి మాత్రమే కడియం ఉంది. రెండో చేయి తన కూతురి తల మీద నుంచి తీయలేదు. "నువ్వు పడుకో, నాకు యాడ నిద్ర పడతాది" అంది. గోడ పక్కనున్న తన చోటు కూడా నాకే ఇచ్చింది. మీ అమ్మాయి కోసం అమ్మవారికి ఏం మొక్కుకున్నారని అడిగాను. "మొక్కేదానికి నా కాడ ఏముందమ్మా ఇయ్యను? పొద్దున్నే వాకిలి ఊడ్చి, చుట్టూ తిరిగి, ఆమె ఎదురుగా కూచుంటా. ఆమెకు తెలవదా" అంది.

తెల్లవారుజామున పెన్నలో స్నానాలు చేశాము. ఆ తరువాత పాపను మా తమ్ముడు ఒళ్లో కూర్చోబెట్టుకోగా, మేనమామ చేత మొదటి కత్తెర వేయించి, మిగిలినది మంగలి చేతికి అప్పగించాము. క్షేత్రంలో తిథివారాలు చూడనక్కరలేదని పెద్దలు అననే అన్నారు. కత్తి తగులుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టి నిలబడితే, పాప మాత్రం ఒళ్లో రాలిన వెంట్రుకలను పిడికిట పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. గుండు మీద చల్లగా గంధం పూసినప్పుడు మాత్రం ముఖం ముడుచుకుంది.

ఇక వరుస. పండుగ నాడు జనం వస్తారని తెలిసే వచ్చాము, తప్పు పట్టడానికి లేదు. కానీ చంటిబిడ్డను ఎత్తుకున్న మనిషిని వెనుక నుంచి మోచేత్తో పొడిచి ముందుకు వెళ్లేవారికి ఆ తల్లి దర్శనం ఎలా దక్కుతుందో నాకు తెలియదు. మల్లికార్జున స్వామికి నమస్కరించి అమ్మవారి గడప ముందుకు చేరేసరికి మా అత్తగారు చేయి జారి వెనుకబడిపోయారు. అంతలో హారతి లేచింది. పసుపు ముఖం, ముక్కుపుడక మెరుపు, మెడలో నిమ్మకాయల దండ, ఆ కన్నులు; పాప హారతి వెలుగు వైపు రెండు చేతులూ చాచింది. "అమ్మా, ఉన్నవన్నీ తీరుస్తాను, కొత్తవేమీ" అనేంతలో "కదలండి, కదలండి" అని కేక, వెనుక నుంచి తోపు. మొక్కనన్న మాట సగంలో ఉండగానే బయట పడ్డాను. మిగిలిన సగం ధ్వజస్తంభం దగ్గర నిలబడి చెప్పుకున్నాను.

ఉగాది పచ్చడి చేదుకు పాప ముఖం చూసి అందరూ నవ్వుతుండగా, నేను పుస్తకం తీసి ఏడాది పొడవునా తీర్చవలసిన మొక్కుల వరుస రాసుకున్నాను. వైశాఖంలో పెంచలకోన. జూన్‌లో నేను మళ్లీ బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లాలి కనుక ఆ లోపే అది అయిపోవాలి. జూలైలో మొహర్రంకు రొట్టెల పండుగ, పాపను ఎత్తుకునే చెరువులో దిగి సంతాన రొట్టె ఇవ్వాలి. ఆగస్టులో గొలగమూడి ఆరాధనకు జనం విపరీతం, అందుకే అది గడిచాక ఏదైనా ఒక శనివారం. దీపావళి తరువాత తిరుమల. బిట్రగుంట బెల్లం మాత్రం ఫాల్గుణ బ్రహ్మోత్సవాల దాకా ఆగకూడదు, బిడ్డ బరువు నెలనెలా పెరుగుతోంది! ఇవి కాక, శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చాక పాపను ఒళ్లో పెట్టుకుని లలితా సహస్రనామం చదవాలి. రాత్రి జ్వరం వస్తే మాత్రం ముందు డాక్టరుకు ఫోను, తరువాత దీపం. భయంతో బేరం పెట్టను.

అదంతా అత్తగారికి చదివి వినిపించాను. "మంచిదే తల్లీ, అట్లాగే చెయ్యి" అన్నారు. తిరుగు ప్రయాణంలో పెన్న అవతలి గట్టున నరసింహకొండ కనిపించగానే కారు కిటికీలో నుంచి చేతులు జోడించి, "స్వామీ, బిడ్డకు అడుగులు పడనీ, దాని చేయి పట్టుకుని నీ మెట్లు ఎక్కిస్తాను" అని పైకే మొక్కేశారు. ఆ మొక్కును కూడా అదే పేజీలో, ఆవిడ పేరు మీద రాశాను.