అమ్మ గది గోడలో నీళ్ళ చప్పుడు

ధనుర్మాసం మొదలైన వారానికి, ఓ పొద్దున కాఫీ తాగుతూ అమ్మ అంది: "నాయనా, రాత్రంతా గోడలో నీళ్ళు పోతా ఉండాయి. నిద్ర పట్టలేదు నాకు."

అమ్మకు 74 ఏళ్ళు. చెవిలో ఏదో హోరు అయి ఉంటుందనుకుని రెండు రోజులు ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

తిరుపతి ఎం.ఆర్.పల్లిలో మాది కింద రెండు గదులు, పైన రెండు గదుల ఇల్లు. మిద్దెపైన వెయ్యి లీటర్ల ట్యాంకు, పక్కనే 200 లీటర్ల సోలార్ హీటరు. పైపులన్నీ అమ్మ గది గోడ వెనక నుంచే కిందికి దిగుతాయి. మూడో రాత్రి పదకొండు గంటలకు ఆ గోడకు చెవి ఆనించాను. నిజమే. చుక్కలు పడే చప్పుడు కాదు, కాలవ పారుతున్నట్టు సన్నగా, ఆగకుండా.

ముందు ఫ్లష్ ట్యాంకులను అనుమానించాను. రెండింటిలోనూ బట్టలకు వేసే నీలిమందు చుక్కలు వేసి గంటసేపు చూశాను. కింద నీళ్ళు నీలంగా మారలేదు. తర్వాత మిద్దె మీది ట్యాంకులో కర్ర పెట్టి మట్టం గుర్తు పెట్టుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి, ఎవరూ నీళ్ళు ముట్టకముందే మళ్ళీ చూస్తే కర్ర మీద గుర్తు అక్కడే ఉంది. నీళ్ళు పారుతున్నాయి, కానీ ఎక్కడికీ పోవడం లేదు! నాకు అసలు టెన్షన్ అక్కడే మొదలైంది.

పగలు ప్లంబర్ వస్తే చప్పుడే లేదు. మా బోరు నీళ్ళకు బకెట్ల మీద కూడా తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. సోలార్ ట్యాంకులో మబ్బు రోజుల కోసం పెట్టిన కరెంటు కాయిల్‌కు ఉప్పు పట్టి ఉంటుంది, అదే చప్పుడు అన్నాడు. ఉప్పు పట్టిన కాయిల్ చప్పుడు చేసే మాట నిజమే. కానీ అది స్విచ్ వేసినప్పుడే వస్తుంది, చిటపటమంటూ, అన్నం కుతకుతలాడినట్టు. మా కాయిల్ స్విచ్ వేసి నెల దాటింది.

దారి చూపింది అమ్మే. ధనుర్మాసం కదా, నాలుగున్నరకే తలస్నానం చేసి తిరుప్పావై చదువుకుంటుంది. ఆ రోజు స్నానం చేసి వచ్చి, "ఏంది నాయనా, వేన్నీళ్ళ కొళాయిలో వేడి లేదు, చన్నీళ్ళ కొళాయిలో చలి లేదు" అంది.

ఆ మాట పొద్దంతా నా బుర్రలో తిరిగింది. ఆ రాత్రి టార్చి పట్టుకుని మిద్దె ఎక్కాను. కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు కనిపిస్తున్నాయి, చలి బాగా ఉంది. పెద్ద ట్యాంకులో చెయ్యి పెడితే నీళ్ళు చల్లగా లేవు. పక్కనున్న చిన్న ప్రెజర్ పంపు గుయ్‌మని తిరుగుతోంది. ఇంట్లో ఒక్క కొళాయీ వాడకంలో లేదు మరి.

పై బాత్రూంలో షవర్‌కు ధార సరిపోవడం లేదని మొన్న దసరాకు ఆ పంపు పెట్టించాను, చన్నీళ్ళ లైనుకు మాత్రమే. అప్పుడే చేత్తో పట్టుకునే షవర్ కూడా వచ్చింది, దాని పిడికి ఆన్ ఆఫ్ బటన్ ఉంటుంది. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి చదువు అయ్యాక స్నానం చేసి, బటన్ నొక్కేసి వస్తోంది. మిక్సర్ మీద, అంటే చన్నీళ్ళూ వేన్నీళ్ళూ కలిసి వచ్చే కొళాయి మీద, చన్నీళ్ళ పిడి, వేన్నీళ్ళ పిడి రెండూ తెరిచే ఉంటున్నాయి. పొద్దున నేను బకెట్ పట్టుకుని రెండూ గట్టిగా కట్టేస్తాను. పగలు చప్పుడు లేకపోవడం అందుకే.

జరుగుతున్నది ఇది. ట్యాంకు మా షవర్‌కు రెండు మీటర్ల ఎత్తులో ఉంది. పది మీటర్ల ఎత్తుకు ఒక కిలో ప్రెజర్, అంటే సోలార్ నుంచి దిగే వేన్నీళ్ళకు కిలోలో అయిదో వంతే. పంపు దాటిన చన్నీళ్ళకు కిలోన్నర. బయటికి దారి లేక చన్నీళ్ళు మిక్సర్‌లోంచే వేన్నీళ్ళ పైపులోకి దూరి, ఎదురెక్కి సోలార్ ట్యాంకులోకి పోతున్నాయి. అక్కడి వేన్నీళ్ళు వెనక్కి తోసుకుని, సోలార్‌కు చన్నీళ్ళు వచ్చే పైపు గుండా పెద్ద ట్యాంకులో పడుతున్నాయి. మళ్ళీ పంపు, మళ్ళీ మిక్సర్. రాత్రంతా అదే చుట్టు. మట్టం ఎలా తగ్గుతుంది?

అమ్మను గోడ దగ్గర కూర్చోబెట్టి ఫోన్ కలిపాను. పైన వేన్నీళ్ళ పిడి కట్టేశాను. "పోయింది" అంది. తెరిచాను. "వస్తా ఉండాది నాయనా." మూడుసార్లూ అంతే. పిడి కట్టిన కాసేపటికి పంపు కూడా ఆగింది. అర హెచ్‌పీ మోటారు అది, ఏడు గంటలు తిరిగితే రెండున్నర యూనిట్లు.

బటన్ తీసేసి మామూలు షవర్ పెట్టించాను. వేన్నీళ్ళ లైనులో వెనక్కి పోనివ్వని వాల్వు కూడా, అదే ఎన్ఆర్‌వీ, వేయించాను. మొదట వేసినది స్ప్రింగ్ రకం. దాన్ని నెట్టే బలం మా వేన్నీళ్ళకు లేక ధార సన్నబడిపోయింది. రెక్క ఉన్న రకం తెచ్చి మిద్దె మీద అడ్డంగా పోయే పైపులో, బాణం గుర్తు బాత్రూం వైపు ఉండేలా బిగించాం. కిందికి దిగే పైపులో అది పనిచేయదు, రెక్క వేలాడిపోతుంది.

సోలార్ ట్యాంకు మీద గాలి గొట్టం మూసేస్తే చప్పుడు పోతుందని కూడా ఒకరు చెప్పారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. నీళ్ళు కాగినప్పుడు ప్రెజర్ పోవడానికి, దిగినప్పుడు గాలి లోపలికి రావడానికి ఉన్న దారి అదే. మూస్తే ట్యాంకు పగలనూవచ్చు, లోపలికి నొక్కుకుపోనూవచ్చు.

మర్నాడు నాలుగున్నరకు అమ్మ బకెట్లో వేన్నీళ్ళకు చన్నీళ్ళు కలుపుకోవాల్సి వచ్చింది.