20 మిల్లీమీటర్ల చదరం

మొన్న ఆదివారం మధ్యాహ్నమంతా బాల్కనీలో కూర్చుని, నలభై మంది డ్వార్ఫు (కథల్లోని గడ్డాల మరుగుజ్జు) బొమ్మ సైనికుల కాళ్ల కింద ఉన్న గుండ్రటి ప్లాస్టిక్ బేసులను ఒక్కొక్కటిగా కోసి తీసేశాను. ఈ సైనికులకు ఇలా చేయడం ఇది రెండోసారి. 2016లో ఇదే విధంగా వాళ్ల చదరపు బేసులను కోసి, ఈ గుండ్రటివి అంటించాను. అప్పుడు వాడిన జిగురు ఎంత గట్టిదో ఇప్పుడు తెలిసివచ్చింది. ముగ్గురికి పాదాలు ఊడిపోయాయి, ఒకడి గొడ్డలి పిడి విరిగింది, నా ఎడమ బొటనవేలికి కత్తి గాటు పడింది. బెజవాడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న అమ్మ ఈ సరంజామా అంతా చూసి, "సంక్రాంతి కొలువుకి ఇంకా మూడు నెలలుంది కదరా, ఇప్పుడే బొమ్మలన్నీ దించావేంటి?" అని అడిగింది.

బొమ్మ సైనికులతో బల్ల మీద యుద్ధం ఆడే ఈ వ్యాపకం తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద గుట్టలు, చెట్లు, పాడుబడ్డ గోడలు అమర్చి, ఇరువైపులా బొటనవేలంత సైనికులను మోహరిస్తారు. చదరంగంలో మాదిరిగా గడులు ఉండవు కాబట్టి ఎవరు ఎంత దూరం నడవాలన్నా అంగుళాల టేపుతోనే కొలవాలి, దెబ్బ తగిలిందో లేదో పాచికలు తేలుస్తాయి. సైనికులు చేతులు, తలలు, ఆయుధాలు విడివిడి ముక్కలుగా పెట్టెలో వస్తారు. వాటిని కోసి, అతికించి, రంగులు వేసుకోవలసినది ఆటగాడే, కనుక ఒక్క సాయంత్రం ఆడే ఆట వెనుక ఆరు నెలల చేతిపని ఉండడం మామూలే.

బల్ల మీద బొమ్మలతో యుద్ధం ఆడడం పాత అలవాటే. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి 1824లో తన యుద్ధక్రీడ నియమాలను అచ్చు వేయించాడు, 1913లో హెచ్.జి. వెల్స్ స్ప్రింగు ఫిరంగులతో తగరపు సైనికులను పడగొట్టే ఆటకు నియమాలు రాశాడు. ఆ బల్ల మీదకు డ్రాగన్లు, మాంత్రికులు దిగింది మాత్రం చాలా తరువాత. 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ తమ మధ్యయుగపు యుద్ధ నియమాల చివర ఊహాలోకపు జీవుల కోసం ఒక అనుబంధం చేర్చారు. అయితే నేను చెప్పదలచుకున్న కథ అక్కడిది కాదు, ఇంగ్లండుది.

1975లో లండన్‌లో ముగ్గురు మిత్రులు గేమ్స్ వర్క్‌షాప్ పేరుతో ఒక చిన్న వ్యాపారం పెట్టారు. మొదట్లో వాళ్లు చేసి అమ్మినవి చెక్క పలకలు. వాటిలో మంకాల అనే ఆట పలక ఒకటి, నైన్ మెన్స్ మోరిస్ పలక ఒకటి. తెలుగువాళ్లకు ఈ రెండూ కొత్తవి కావు, మొదటిది మన వామనగుంటల కుటుంబానిది, రెండోది మన దాడి ఆటే. 1979లో ఆ సంస్థ అండతో బ్రయన్ ఆన్సెల్ న్యూఆర్క్ పట్టణంలో సిటడెల్ మినియేచర్స్ మొదలుపెట్టి లోహపు బొమ్మలు పోత పోయించాడు. ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కథ నడిపే పాత్రధారణ ఆటలు ఆడేవాళ్లు తలా ఒక వీరుడినీ, నలుగురు రాక్షసులనూ కొని ఊరుకునేవారు. వాళ్ల చేత వందల్లో కొనిపించాలంటే సేనలు తలపడే ఆట ఉండాలి. 1983లో రిక్ ప్రీస్ట్లీ, రిచర్డ్ హాలివెల్, ఆన్సెల్ కలిసి తెచ్చిన వార్‌హామర్ ఆ అవసరంలోంచే పుట్టింది. బొమ్మలు అమ్మడం కోసం పుట్టిన నియమాలు తరువాతి కాలంలో బొమ్మల కంటే ఎక్కువ అభిమానం సంపాదించుకోవడం, అమ్మినవాళ్లే ఆ నియమాలను ఆపేసినప్పుడు కొన్నవాళ్లు ఒప్పుకోకపోవడం నాకు ఈ చరిత్రలో అన్నింటికంటే ఆసక్తి కలిగించే సంగతి.

నేను 2009లో ఎమ్మెస్సీ చదవడానికి నాటింగ్‌హామ్ వెళ్లాను. ఆ ఊరు ఈ వ్యాపకానికి రాజధాని అన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం అక్కడి లెంటన్ ప్రాంతంలో ఉంది. దాని నుంచి బయటికి వచ్చినవాళ్లు పెట్టుకున్న కంపెనీలు ఆ చుట్టుపక్కలే ఎన్నో ఉన్నాయి కాబట్టి ఆ ప్రాంతాన్ని ఆటగాళ్లు, పాత లోహపు బొమ్మల్లోని సీసం పేరు మీద, సరదాగా సీసపు పట్టీ అంటారు. నాకు వార్‌హామర్ ఆట నేర్పింది ఒక పబ్బు మేడమీద గదిలో వారానికి ఒకసారి కలిసే క్లబ్బులోని ఒక పెద్దాయన. ఆ రోజుల్లో ఫిరంగి పేల్చే ముందు టేపు తీయడానికి వీల్లేదు, ఎన్ని అంగుళాల దూరమో నోటితో చెప్పి ఆ తరువాతే కొలవాలి. ఆయన తన మోచేతిని బల్ల మీద ఆనించి, ఒక కన్ను మూసి, "ఇరవై ఏడు" అనేవారు, ఫిరంగి గుండు నా గుర్రాల వరుస మధ్యలో పడేది. 2010లో వచ్చిన ఎనిమిదో కూర్పు ఈ నియమాన్ని ఎత్తివేసి, ఎప్పుడైనా ముందుగానే కొలుచుకోవచ్చని చెప్పింది. ఆ మార్పు న్యాయమైనదే, కంటి కొలత లేనివాడు ఎందుకు నష్టపోవాలి? అయినా ఆయన మోచెయ్యి ఆ సాయంత్రం నుంచి పనికిరాకుండా పోయిందన్నది కూడా నిజం.

ఇంతకీ చదరానికి, గుండ్రానికి ఇంత గొడవ ఎందుకని అడగవచ్చు. చదరపు బేసులను ఒకదానికొకటి ఆనించి పేరిస్తే పటాలం తయారవుతుంది. నా డ్వార్ఫులు వరుసకు ఐదుగురు చొప్పున నాలుగు వరుసలుగా నిలబడితే, 20 మిల్లీమీటర్ల బేసు మీద ముందు వైపు వెడల్పు సరిగ్గా 100 మిల్లీమీటర్లు. ఆ పటాలానికి ముందు, వెనుక, రెండు పక్కలు ఉంటాయి. అది తిరగాలంటే ఒక మూలను నిలిపి రెండో మూలను జరపాలి, ఆ బయటి మూల నడిచిన దూరమే లెక్కలోకి వస్తుంది. వంతుకు మూడంగుళాలు మాత్రమే నడిచే డ్వార్ఫులు ఒకసారి తప్పు దిక్కుకు తిరిగితే మళ్లీ సర్దుకునేసరికి యుద్ధం ముగిసిపోతుంది.

ఆ రోజుల నియమాల్లో ఒక పోరు లెక్క చూడండి. నా పటాలం, ఎదుటి పటాలం సమానంగా చంపుకున్నాయి అనుకుందాం. వెనుక మూడు వరుసలు ఉన్నందుకు చెరి మూడు, జెండా ఉన్నందుకు చెరి ఒకటి కలిస్తే పోరు సమం. అదే సమయంలో శత్రువుల మరో దళం నా పక్క మీదికి వచ్చి తాకిందంటే, అది ఒక్కడిని కూడా చంపకపోయినా, నా వరుసల మూడు పోతాయి, వాళ్లకు పక్కదాడి తాలూకు ఒకటి కలుస్తుంది. తేడా నాలుగు. డ్వార్ఫుల ధైర్యం 9 కాబట్టి, అందులోంచి నాలుగు తీసేస్తే, నా పటాలం పారిపోకుండా నిలబడడానికి రెండు పాచికల మొత్తం 5 దాటకూడదు. 36 అవకాశాల్లో అలా పడేవి 10. మిగిలిన 26 సార్లూ గడ్డాలు పెంచిన మహావీరులు గొడ్డళ్లు పారేసి పరుగు తీస్తారు. ఈ ఆటలో విజయం ఎవరు ఎక్కువ మందిని చంపారన్న దాని కంటే ఎవరు ఎవరి పక్కకు చేరారన్న దాని మీద ఎక్కువ ఆధారపడేది. గుండ్రటి బేసుకు పక్క అంటూ ఏదీ ఉండదు.

2015లో ఆ వార్‌హామర్ లోకాన్ని కంపెనీయే అంతం చేసింది. ఆ ఏడాది జూలైలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ పేరుతో కొత్త ఆట వచ్చింది. నియమాలు నాలుగు పేజీలు, అవి ఉచితం. పటాలాలు పోయి బొమ్మలు గుంపులుగా విడివిడిగా నడవడం మొదలైంది, ఎవరి సేన ఎంత బలమైనదో తూచే పాయింట్లు లేనే లేవు. పాత సేనల కోసం ఇచ్చిన కొన్ని నియమాలు వేళాకోళంగా ఉండేవి. ఒక సేనాపతికి ఉన్న నియమం ప్రకారం, మీ మీసం ఎదుటి ఆటగాడి మీసం కంటే ఘనంగా ఉంటే పాచికలను మళ్లీ వేసుకోవచ్చు. మీసాన్ని ఇంత గౌరవించే నియమం తెలుగునాట పుట్టకుండా ఇంగ్లండులో ఎలా పుట్టిందో నాకు అర్థం కాలేదు. ముప్పై ఏళ్లుగా ఆడుతున్నవాళ్లకు మాత్రం ఇది నవ్వులాటగా తోచలేదు. కొందరు అలెస్సియో కావటోరే రాసిన కింగ్స్ ఆఫ్ వార్ వైపు వెళ్లారు, కొందరు తామే కూడబలుక్కుని నైన్త్ ఏజ్ అనే నియమావళి రాసుకున్నారు. నాకు ఆట నేర్పిన పెద్దాయన మాత్రం పాత పుస్తకాన్నే పట్టుకుని కూర్చున్నారు, ఆయన సేనను ఎవరూ ఆయన బీరువాలోంచి రద్దు చేయలేకపోయారు.

నేను మాత్రం లొంగిపోయాను. అప్పటికి హైదరాబాదు తిరిగి వచ్చేశాను. ఇక్కడ ఆడడానికి దొరికిన ఇద్దరూ గుండ్రటి బేసులవాళ్లే. 2016లో కంపెనీ పాయింట్లను తిరిగి తెచ్చాక ఆ ఆట బాగుపడింది కూడా, అది చెప్పకపోతే అన్యాయం. అందుకే ఆ రోజు క్లిప్పర్లు తీసుకుని నలభై మందినీ చదరం నుంచి విడిపించాను. తీరా 2019 నవంబరులో పాత లోకాన్ని మళ్లీ తెస్తామని కంపెనీ ప్రకటించింది, 2024 జనవరిలో ది ఓల్డ్ వరల్డ్ పేరుతో తెచ్చింది. చదరపు బేసులు తిరిగి వచ్చాయి, కాకపోతే 20 ఉన్న చోట 25 మిల్లీమీటర్లయ్యాయి. పాత బేసులు కోయకుండా ఉంచుకున్నవాళ్లు ఆ ఐదు మిల్లీమీటర్లను పూడ్చే ట్రేలలో తమ సైనికులను అలాగే దించి హాయిగా ఆడుకుంటున్నారు. నాకు ఆ అవకాశం లేకుండా నేనే చేసుకున్నాను.

బొమ్మ తయారీలో వచ్చిన మార్పు నియమాల మార్పు కంటే పెద్దది. వెనుకటి శిల్పి నీలం, పసుపు రంగుల్లో ఉండే రెండు ముద్దలను కలిపి, ఆ ఆకుపచ్చటి పుట్టీతో అసలు బొమ్మను చెక్కేవాడు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో ఒళ్లు, కాళ్లు, చేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, అదే మక్కుతో ముక్కూ చెవీ తీర్చడం చిన్నప్పుడు చూసినవాడిని కాబట్టి, ఆ పచ్చ ముద్దను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. ఈ రంగంలో మైకేల్ పెర్రీ అనే శిల్పి ఉన్నాడు. 1996లో ఫ్రాన్స్‌లో పాత యుద్ధాన్ని తిరిగి ప్రదర్శిస్తుండగా ఫిరంగి ప్రమాదంలో ఆయన కుడిచెయ్యి పోయింది, ఆ తరువాత ఆయన ఎడమచేత్తో చెక్కడం నేర్చుకుని, కవల సోదరుడు అలన్‌తో కలిసి ఈనాటికీ బొమ్మలు చేస్తున్నాడు. ఆ అసలు బొమ్మను రబ్బరు అచ్చులో నొక్కి, అచ్చును గిరగిర తిప్పుతూ కరిగిన లోహాన్ని పోసేవారు. తరువాత ఉక్కు అచ్చులతో ప్లాస్టిక్ వచ్చింది, ఇప్పుడు శిల్పం కంప్యూటరులోనే జరుగుతోంది.

నా బాల్కనీలో ఇప్పుడు బొమ్మలను ముద్రించే ఒక రెజిన్ (త్రీడీ) ప్రింటరు ఉంది. దీనికి కొంత కారణం సుంకం. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఇంగ్లండు నుంచి తెప్పించిన పెట్టె ఒకటి నా చేతికి వచ్చేసరికి అందులోని సేన ధర చూసి ఇంట్లో చెప్పుకోలేకపోయాను. ప్రింటరు 405 నానోమీటర్ల కాంతితో ద్రవరూపంలోని రెజిన్‌ను పొరలు పొరలుగా గట్టిపరుస్తుంది. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. దీనిలో నాకు నచ్చిన కిటుకు ఏమిటంటే, పట్టే సమయం బొమ్మ ఎత్తును బట్టి ఉంటుంది గాని సంఖ్యను బట్టి కాదు, ఒక డ్వార్ఫు ముద్రణకు మూడు గంటలైతే పళ్లెం నిండా పదిమందికీ అవే మూడు గంటలు. చేతులకు గ్లవుజులు వేసుకుని, బొమ్మలను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కడిగి, ఆరాక మళ్లీ కాంతిలో పెట్టి గట్టిపరచాలి. ఆ వాసన వల్లనే ప్రింటరుకు ఇంట్లో చోటు దక్కక బాల్కనీలో ఉంది. బొమ్మల నమూనా ఫైళ్లను స్వతంత్ర శిల్పుల దగ్గర నెలవారీ చందాకు కొంటాను. కంపెనీ సొంత హాలులో జరిగే పోటీలకు ఇలాంటి బొమ్మలను రానివ్వరు, కానీ మా ముగ్గురి బల్లకు ఆ అభ్యంతరం లేదు.

ముద్రణ సులువైన కొద్దీ రంగు వేయని బొమ్మల గుట్ట పెరుగుతోందన్నదే నా ఫిర్యాదు. పెట్టె కొనాల్సివచ్చిన రోజుల్లో జేబు ఆపేది, ఇప్పుడు ఆపేవాడు లేడు. రంగు వేయడం మాత్రం ఎప్పటిలాగే నెమ్మదిగానే సాగుతుంది. హైదరాబాదు ఎండకు ఆక్రిలిక్ రంగు కుంచె మీదే ఎండిపోతుంది కనుక, పిల్లల పాత టిఫిను డబ్బాలో తడి స్పాంజి పరచి, దాని మీద బటర్ పేపరు వేసి, రంగులు ఆ కాగితం మీద కలుపుకుంటాను. వర్షాకాలంలో, రంగుకు ముందు పూతగా వేసే ప్రైమరు స్ప్రే కొడితే బొమ్మ మీద పిండి చల్లినట్టు గరుకు తేలుతుంది, అలా పాడైన ఐదుగురు విలుకాళ్లు ఇంకా బుట్టలో ఉన్నారు. ఒక్క డ్వార్ఫు గడ్డానికి ముదురు గోధుమ రంగు వేసి, మీద పలుచటి నల్ల నీళ్లు పారించి, ఆరాక దాదాపు ఎండిన కుంచెతో లేత రంగును మిట్టల మీద రాయడానికి పది నిమిషాలు పడుతుంది. నలభై గడ్డాలకు ఎంతవుతుందో నేను లెక్క వేయను.

సాయంత్రానికి కొత్త 25 మిల్లీమీటర్ల చదరాల మీద ఇరవై మంది నిలబడ్డారు. ఊడిన పాదాలకు పుట్టీ పెట్టి, బేసు మీద ఇసుక చల్లి కప్పేశాను. గొడ్డలి పిడి విరిగినవాడికి మాత్రం మరమ్మతు కుదరలేదు, విరిగిన ముక్క బాల్కనీ జాలిలోంచి కింద పడిపోయింది. వరుసకు ఐదుగురు చొప్పున పేర్చి చూస్తే ముందు వెడల్పు 125 మిల్లీమీటర్లు వచ్చింది. అమ్మ వచ్చి, మెట్లు లేకపోయినా కొలువులాగే ఉందని, ఈ చేతిలో ఏమీ లేనివాడిని ఎక్కడ పెడతావని అడిగింది. వాడిని నాలుగో వరుసలో, సరిగ్గా మధ్యలో నిలబెట్టాను. చదరపు బేసుల పటాలంలో అక్కడ నిలబడినవాడి చేతిలో ఏముందో ఎదుటివాడికి కనిపించదు.